రేవు వాలులో బ్రేకు

కిందటి వారం మనం పాకలో టార్పాలిన్ పట్టా లాగిన చోట ఆగిపోయాం. ఆ పట్టా కింద ఏముందో, దాని చుట్టూ ఎవరున్నారో ఒక్కసారి తలుచుకుని ముందుకెళదాం.

అంజిబాబు ఏళ్ళ తరబడి మస్కట్‌లో ఓ అర్బాబు, అంటే అరబ్బు యజమాని, గ్యారేజీలో పని చేశాడు. ఆ పెద్దమనిషి మోజు తీరి మూలన పడేసిన పాత జర్మనీ మోటారుసైకిల్ని, తిరిగొచ్చేటప్పుడు బహుమానంగా పుచ్చుకుని ఓడలో వేయించుకుని ఊరు చేరాడు. రెండు గేదెల బరువుండే బండి. వానాకాలం వెనకపడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, ఆ బండితో సహా రేవు వాలులోంచి గోదావరిలోకి పోయాడు. బండి కాలి మీద పడింది. పడవవాళ్ళు తాళ్ళు వేసి లాగేసరికి ప్రాణం లేదు.

జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయిన వేళ రేవులో వాడికేం పనని ఊరు అడిగింది. నడక రాకముందే ఈత వచ్చినవాడు మునగడమేమిటని కూడా అడిగింది. జవాబు కూడా ఊరే చెప్పేసుకుంది. గల్ఫు నుంచి ఇనప దిమ్మ తప్ప ఏమీ తేలేని సిగ్గుతో, కావాలనే పోయాడంది. బండిని పాత ఇనుముకి ఇచ్చేయమన్నారు అందరూ. అంజిబాబు భార్య విజయకుమారి ఇవ్వలేదు. ఎందుకివ్వవని అడిగితే ఆమె దగ్గర ఒక్క ప్రశ్నే ఉంది. ఆ వాలులో తన మొగుడు బ్రేకు పట్టాడా, లేదా?

మస్కట్‌లో అంజిబాబు పక్కనే స్పానరు పట్టిన దుర్గేష్ సెలవు మీద వచ్చాడు. ప్రశ్న విన్నాడు. "మనిషిని అడగలేం గానీ వదినా, బండిని అడగొచ్చు," అన్నాడు. పట్టా లాగాడు.

పట్టా కిందనుంచి ఎండిన ఒండ్రు వాసన కొట్టింది. చైను పక్కన ఒక నత్తగుల్ల అతుక్కుని ఉంది. దుర్గేష్ దాన్ని గోటితో పీకి అవతల పారేశాడు.

విజయకుమారి పాక గుంజకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో చేటలో ఎండు రొయ్యలున్నాయి. తలలు తుంచి ఒక పక్క, మిగతాది ఒక పక్క వేస్తోంది. ఆ బండిని చూస్తే ఏదో అవుతుందని ఇన్నాళ్ళూ భయపడింది. ఏమీ కాలేదు. వీధిలో ఆగిన ఎవరిదో లారీని చూసినట్టే ఉంది. కార్తీకం పోయింది, పుష్యం పోయింది, ఈ చేతులు మాత్రం వండుతున్నాయి, తోముతున్నాయి, తుంచుతున్నాయి. వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఆమెకేమీ చెప్పడం లేదు.

దుర్గేష్ రొయ్యల చెరువు దగ్గరి జనరేటరు బ్యాటరీ ఒకటి మోసుకొచ్చాడు. సీటు పీకి, తాళంచెవి లేదు గనక తీగలు నేరుగా కలిపాడు. హ్యాండిలు దగ్గర రెండు ఎర్ర లైట్లు ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరాయి. మళ్ళీ వెలిగాయి.

"హమ్మయ్య. ఏబీఎస్ పెట్టె బతికే ఉంది," అని తీగలు విడదీశాడు.

"చచ్చినోడి బండి చుట్టూ ఏం పూజ్రా ఇది దుర్గేషూ?"

అత్తగారు పైడమ్మ. పెరటి గుమ్మంలో నిలబడింది. మనిషి వెదురు కర్రలా ఉంటుంది, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది.

"పూజ కాదు పెద్దమ్మా, పోస్టుమార్టం."

"వాడికీ చేసేరు పోస్టుమార్టం. ఏం తేల్చేరు? నీళ్ళు తాగేడన్నారు. ఆ మాట నేనూ చెబుదును, డాక్టరెందుకు?"

దుర్గేష్‌కి నవ్వాలో కూడదో తెలియలేదు. తల వంచుకుని బ్రేకు లివరు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. గొట్టాల వెంట వేలు పెట్టి చమ్మ ఉందేమో చూశాడు. టార్చిలైటు వేసి, పళ్ళెం లాంటి డిస్కుకి రెండు వైపులా బ్రేకు బిళ్ళలు ఎంత అరిగాయో చూశాడు. చక్రాన్ని పైకెత్తి తిప్పి, తిరుగుతుండగా లివరు పట్టాడు. టక్కున ఆగింది. వెనక చక్రమూ అంతే. అతని మొహం మెల్లగా వాడిపోయింది.

"ఏమంటంది బండి?" అంది పైడమ్మ.

"బ్రేకు... బాగానే ఉంది పెద్దమ్మా. నూనె కారలేదు. బిళ్ళలు ఇంకో ఏడాది వస్తాయి."

"బాగుంటాది. ఎందుకు బాగోదు? పట్టుకుంటే కదా దాని మంచీ చెడ్డా తెలిసేది!"

రొయ్యలు తుంచే చేతులు ఆగలేదు. విజయకుమారికి ఆ మాట పక్క వీధిలో ఎవరో ఎవరినో అన్నట్టు వినిపించింది.

పైడమ్మ గుమ్మం దిగి వచ్చింది. కోడలి ఎదురుగా నిలబడింది.

"ఆ పొద్దున నువ్వేవన్నావో నేనిన్నానే."

"ఏ పొద్దునండీ?"

"నాటకాలాడకు. వాడు పోయిన రోజు. అన్నం ముందు కూచున్నాడు. నువ్వు కూర వడ్డిస్తా అన్నావు, 'అక్కడే ఉండిపోవాల్సింది, ఇక్కడికెందుకొచ్చేవు' అని. అన్నావా లేదా?"

"అన్నాను."

"వాడు చెయ్యి కడిగేసుకున్నాడు."

"కడిగేసుకున్నారు."

"పులుసులో ముక్క కూడా ముట్టుకోలేదు. నేను గోడ పక్కనుండి చూస్తానే ఉన్నాను."

దుర్గేష్ స్పానరు నేల మీద పెట్టాడు. "పెద్దమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నువ్వుండ్రా. బండిని అడిగేవు కదా, నన్నూ అడుగు."

విజయకుమారి తల ఎత్తింది. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదత్తయ్యా? ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మా వాళ్ళు వచ్చినప్పుడూ అనలేదు."

"చెబితే?" పైడమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "పెళ్ళాం మాటకి చచ్చేడంటారు. గంగలో వలేసి పుట్టేడు నా కొడుకు. అంత చిన్నోడు కాదు. నీ మీద జాలితో మూసుకోలేదు నోరు, వాడి పరువు కోసం మూసుకున్నాను."

పక్కింటి కుసుమ పీచు దులుపుతున్న చప్పుడొక్కటే వస్తోంది. విజయకుమారి తన లోపల వెతుక్కుంది. ఈ మాటకి ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టాలి కదా. పుట్టలేదు. పన్ను పీకేముందు సూది వేసిన దవడలా ఉంది లోపలంతా. అక్కడేదో జరుగుతోందని తెలుస్తోంది, అంతే.

దుర్గేష్ ఏం చేయాలో తోచక ముందు చక్రాన్ని ఊరికే తిప్పాడు. తిప్పి, వంగి చూశాడు.

"వదినా, ఇదేంటి? మస్కట్‌లో ఇది లేదే!"

చక్రం నడుమ, ఇరుసు చుట్టూ, వడిలిపోయిన ఎర్రటి కుచ్చు గాజులా చుట్టుకుని ఉంది. కోనసీమలో సైకిలైనా మోపెడైనా ఇరుసుకి అలాంటిది లేకపోతే బండి బోడిగా ఉందంటారు. చక్రం తిరుగుతుంటే అది రాసుకుంటూ ఇరుసుని తళతళలాడిస్తుంది. కొట్లో అమ్మేవి ప్లాస్టిక్కువి. ఇది కొబ్బరిపీచుది.

"నేనే అల్లేను," అంది విజయకుమారి. "పీచు నానబెట్టి, రంగేసి."

పెళ్ళికి ముందు ఆమె పీచు కళ్ళంలో తాళ్ళు పేనిన మనిషి. బండి ఇంటికొచ్చిన వారంలోనే ఆ కుచ్చు అల్లింది. అంజిబాబు చూసి పడీపడీ నవ్వాడు. జర్మనీ పెళ్ళికూతురికి కోనసీమ గాజులన్నాడు. తనే చక్రం విప్పి మరీ తొడిగాడు. ఆ మర్నాడే ఆమెను వెనక కూర్చోబెట్టుకుని అంతర్వేది తీసుకెళ్ళి, దర్శనమయ్యాక సముద్రపొడ్డున నల్ల ఇసకలో అటూ ఇటూ తిప్పాడు. చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి. అరిచింది, నవ్వింది. అదంతా ఆమెకు గుర్తుంది గానీ, ఎవరో చెప్పగా విన్న సంగతిలా గుర్తుంది.

దుర్గేష్ అప్పటికే వేరే మనిషైపోయాడు. సంచిలోంచి ముల్లున్న మీటరు తీశాడు. సీటు కింద ఒక తీగల ముడి విప్పి, మీటరు రెండు కొసలూ అందులో గుచ్చాడు.

"వదినా, ఇలా రండి. చేట పక్కన పెట్టి రండి. వెనక చక్రం తిప్పండి."

ఆమె తిప్పింది. మీటరు ముల్లు నెమ్మదిగా లేచి, చక్రం జోరు మీదున్నంతసేపు అక్కడే నిలబడింది. చక్రంతోపాటే దిగింది.

"చూసేరు కదా. ఇప్పుడు ముందుది."

కొసలు మార్చాడు. ఆమె ముందు చక్రం తిప్పింది. ముల్లు లేచింది, పడింది, లేచింది, సగంలో వణికింది. చక్రం మాత్రం ఒకే జోరున తిరుగుతూనే ఉంది. చక్రం నెమ్మదించేసరికి ముల్లు పూర్తిగా పడుకుండిపోయింది. చక్రం ఇంకా తిరుగుతోంది.

"అదీ!" అన్నాడు దుర్గేష్. చెయ్యి తొడకేసి కొట్టుకున్నాడు.

రెండు బోల్టులు విప్పి, ఇరుసు పక్కనుంచి బొటనవేలంత నల్ల కడ్డీ ఒకటి బయటికి లాగాడు. దాని కొసకి గడ్డం మొలిచి ఉంది. ఎర్రటి పీచు పోగులు, ఆ పోగుల్లో చిక్కుకుని నల్లగా, నిగనిగలాడుతూ, ముళ్ళపందిలా నిక్కబొడుచుకున్న ఇసక.

"దీన్ని సెన్సారంటారు వదినా. దీని లోపల సూదంటురాయి ఉంటాది. ఎదురుగా ఈ పళ్ళచక్రం తిరుగుతుంటే పళ్ళు లెక్కపెట్టి, చక్రం తిరుగుతోందా ఆగిందా అని ఆ పెట్టెకి చెబుతా ఉంటాది. మన అంతర్వేది ఇసకలో ఇనుముంటాది కదా. చిన్నప్పుడు సూదంటురాయి ఈడ్చి గడ్డాలు మొలిపించేవాళ్ళం. మామూలుగా అయితే ఇసక రాలిపోను. పీచు పట్టుకుండిపోయింది. పోగు మీద పోగు, ఇసక మీద ఇసక."

"అయితే?" అంది పైడమ్మ.

"ఏబీఎస్ అంటే ఏంటి పెద్దమ్మా? గట్టిగా బ్రేకేస్తే చక్రం పట్టేసి బండి జారిపోకుండా, పెట్టె తనే ఓ రెప్పపాటు బ్రేకు వదిలి మళ్ళీ పడతాది. మంచిదే. కానీ ఈ గడ్డం వల్ల, తిరుగుతున్న చక్రం కూడా ఆగిపోయిందనుకుంటాది. అనుకుని బ్రేకు వదిలేస్తాది. జోరులో ఉన్నప్పుడు తెలీదు. నెమ్మదిగా, ఇక ఆగుతాదనగా మోసం చేస్తాది. మనం పడతానే ఉంటాం, అది వదులుతానే ఉంటాది."

"లైట్లు చూసి పెట్టె బాగుందన్నావు కదరా?"

"పెద్ద తప్పయితే దానికే తెలిసి, లైట్లు మార్చి మార్చి కొట్టి తప్పుకుంటాది. అప్పుడు మామూలు బ్రేకు మనకి మిగులుతాది. ఇది దానికి తెలిసేంత పెద్దది కాదు. అదే చిక్కు. తాళం ఆపేస్తే తప్ప నిద్రపోదు."

అతను సెన్సారు కొసని గుడ్డతో తుడిచాడు. కుచ్చుని కత్తితో కోసి, పళ్ళచక్రాన్ని బ్రష్షుతో రుద్దాడు. సెన్సారు మళ్ళీ బిగించి, మధ్యలో సన్నటి రేకు దూర్చి ఎడం సరిచూసుకున్నాడు. తిప్పమన్నాడు. ముల్లు లేచి, నిలబడింది.

పైడమ్మ ఆ ముల్లు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమెకు మీటరు చదవడం రాదు. నిలబడ్డ ముల్లు అర్థమైంది.

"అంటే... వాడు పట్టేడా?"

"అదొదిలేసేది పెద్దమ్మా. పట్టినా వదిలేసేది."

పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసేసి, కంచె దగ్గరకి నడిచి, అవతలి పెరటిలోకి కేకేసింది. "ఏమే కుసుమా! నా కొడుకు బ్రేకు పట్టేడే! పట్టేడంట! ఇనుములోనే ఉందంట మోసం!"

కుసుమ ఏదో అంది. పైడమ్మ మళ్ళీ మొదట్నుంచి చెప్పసాగింది. ఇనుములో మోసం అంటోంది తప్ప, పీచు మాట మాత్రం ఎత్తలేదు. కోడలి మీద దయో, కొడుకు మాట తేలిన సంతోషంలో మరిచిపోయిందో, చెప్పడం కష్టం.

విజయకుమారి తెగిన కుచ్చు చేతిలోకి తీసుకుంది. రంగు ఇంకా కొంచెం ఉంది.

"మాటైనా నాదే, కుచ్చైనా నాదే," అంది. ఎవరితోనూ కాదు.

దుర్గేష్ గతుక్కుమన్నాడు. "అదేం మాట వదినా? ఊరంతా కడతారు కుచ్చులు. ఎవడికి తెలుసు? నేను పక్కనున్నా తొడిగేవోణ్ణే."

"ఒక్క సంగతి చెప్పు బాబూ. ఇలా కావచ్చని బండి చెప్పింది. ఇలాగే అయిందని చెప్పిందా?"

అతను అబద్ధం చెబుదామని నోరు తెరిచి, మూసేశాడు.

"చెప్పలేదండి. కానీ ఒకటుంది. పెట్టె బ్రేకు వదిలి పట్టినప్పుడల్లా చప్పుడు చేస్తాది. ఈ బండిలో గట్టిగానే వస్తాది, కటకటకటమని. కుట్టుమిషను తొక్కినట్టు. బ్రేకు పడితేనే వస్తాది, పట్టకపోతే రాదు. ఆ రోజు రేవులో ఎవరైనా ఉండి ఆ చప్పుడు విని ఉంటే..."

ఆమె లేచింది. చెప్పులు వేసుకోలేదు. పీచు కుచ్చు చేతిలో ఉన్న సంగతి కూడా గమనించలేదు.

రేవులో పంటు తాడు పట్టే మనిషి పోలిరాజు. అంజిబాబు తండ్రితో కలిసి వల లాగినవాడు. ఆ సాయంత్రం ఒడ్డున ఉన్నది ఆయనొక్కడే. పంటు అవతలి ఒడ్డునుంచి ఇంకా కదలలేదు. ఆయన గుంజ పక్కన కూర్చుని తాడు కొస అల్లుకుంటున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"కూచో బాబాయ్. ఒక్క ముక్క అడిగి పోతాను. ఆ రోజు ఆయన దిగినప్పుడు, బండిలోంచి కుట్టుమిషను తొక్కినట్టు చప్పుడు వచ్చిందా?"

పోలిరాజు చేతులు ఆగిపోయాయి. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఆయన అనుకోలేదు. అనుకున్న ప్రశ్నలకైతే జవాబులు సిద్ధంగా పెట్టుకున్నాడు.

"వచ్చింది తల్లీ," అన్నాడు. "మొదటిసారి వచ్చింది."

"మొదటిసారా?"

"రెండుసార్లు దిగేడమ్మా. మొదటిసారి ఇంజను మీద దిగేడు. ఆ చప్పుడు చేసుకుంటా వచ్చి వచ్చి, ముందు చక్రం తడిసేక ఆగింది. గుండె గుభేలుమంది నాకు. వాడేమో దిగి, చక్రం దగ్గర గొంతుక్కూచుని తడిమి చూసేడు. నవ్వేడు కూడా. 'ఇందాక గట్టు మీదా ఇదే కూత కూసింది బాబాయ్, దీని సంగతి తేలుస్తాను' అన్నాడు. ఇక్కడెందుకురా నీళ్ళ దగ్గరంటే, 'కోనసీమంతా చాపలా పరిచి ఉంది, వాలు ఇంకెక్కడుంది?' అన్నాడు. తిప్పుకుని పైకెళ్ళేడు."

పంటు లేని వేళ రేవులో వాడికేం పనని ఊరంతా అడిగిన ప్రశ్నకి జవాబు ఇంత చిన్నది. విజయకుమారి దాన్ని విన్నది. అది లోపలికి దిగడానికి టైము పడుతుందని ఆమెకు తెలుసు.

"మరి పోలీసులకి చెప్పలేదేం?"

"పడ్డం చూసేవా అన్నారు. చూసేనన్నాను. అంతకంటే వాళ్ళడగలేదు. రెండుసార్లు దిగేడని నేను నోరు జారితే ఊరేమంటాది? మొదటిసారి ధైర్యం చాలక, రెండోసారి చూసుకు దిగేడంటాది. అందుకని..."

"రెండోసారి చప్పుడు వచ్చిందా బాబాయ్?"

ఆయన మొలతాడుకి కట్టుకున్న చిన్న మూట ఒకటి విప్పాడు. గుడ్డలోంచి తాళంచెవి ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

"ఎలా వస్తాదమ్మా? పైకెళ్ళి, ఇంజను ఆపి, నన్ను కేకేసి ఇది నా చేతిలో పెట్టేడు. 'పట్టుకో బాబాయ్, వచ్చి తీసుకుంటాను' అన్నాడు. ఊరికే వాలు మీద జార్చుకుంటా దిగేడు."

వచ్చి తీసుకుంటానన్నాడు. విజయకుమారి గుప్పిట బిగించింది. తాళం పళ్ళు అరచేతిలో గుచ్చుకున్నాయి, నొప్పి పుట్టింది. పుట్టిందని తెలిసింది. తాళం ఆపితే పెట్టె నిద్రపోతుందన్నాడు దుర్గేష్. పెట్టె నిద్రపోతే మామూలు బ్రేకు మనదే. ఆ బ్రేకు టక్కున పట్టడం ఇందాక పాకలో తన కళ్ళతో చూసింది.

"మరి అప్పుడు బండి ఎందుకాగలేదు బాబాయ్?"

అవతలి ఒడ్డున పంటు ఇంజను అంటుకుంది. పోలిరాజు ఆ వైపు చూశాడు, తర్వాత వాలు పైకి, రోడ్డు మలుపు దాకా చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

"ఆగిందమ్మా," అన్నాడు.

ఆగిన బండి నీళ్ళలోకి ఎలా పోయిందో వచ్చే వారం.